జెల్ బాల్స్‌లో విత్తనాలు: మీ ఉత్తరాలు, నా జవాబులు

జెల్ బాల్స్ అంటే నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు. గత సంచికలో ఒకరు "జెల్ బాల్స్‌లో నారు పోయొచ్చా?" అని అడిగితే, "మొలకెత్తించి తీసేయండి, నారు దాకా ఉంచకండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ముక్క చాలామందికి ఆనలేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈ బాల్స్ మీదే. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను విత్తన పరీక్ష ల్యాబ్‌లో పనిచేసి రిటైరయినదాన్ని. గింజని తడి కాగితం మీద పెట్టి, అది బతికుందో లేదో చెప్పడమే నా ఉద్యోగం. కాబట్టి మట్టి లేకుండా మొలిపించడం నాకు వింతేమీ కాదు. మొక్కని కూడా అందులోనే పెంచెయ్యొచ్చని ప్యాకెట్ల మీద రాసేవాళ్లతోనే నా పేచీ.

ప్రశ్న: మేడమ్, మాది పదో అంతస్తులో ఫ్లాట్. మట్టి మోసుకురావడం కష్టమని ఆన్‌లైన్‌లో రంగురంగుల జెల్ బాల్స్ తెప్పించాను. గాజు గిన్నెలో నానబెట్టి, పైన టమాటా, మిరప గింజలు చల్లాను. టమాటా మొలిచింది గానీ కాడలు సన్నగా సాగి పడిపోయాయి. మిరప గింజలు మెత్తబడి వాసన కొట్టాయి. మధ్యలో తెల్లగా బూజు కూడా కనిపించింది. మొత్తం పారేసి మళ్లీ మొదలుపెట్టనా?
– ఓ గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: బాల్స్ మొత్తం పారేయకండి, లోపం వాటిది కాదు. గిన్నె మార్చాలి.

మీరు చెప్పకపోయినా గిన్నె అడుగున నీళ్లు నిలిచి ఉంటాయని నా అనుమానం. బాల్స్ రాత్రంతా నాని ఉబ్బాక వాటిని చిల్లుల గిన్నెలో వేసి పూర్తిగా వార్చెయ్యాలి. గింజకి నీళ్లు ఎంత అవసరమో గాలి అంత అవసరం. గుండ్రటి బాల్స్ ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు మధ్యలో మిగిలే సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. ఆ సందుల్లో నీళ్లు నిండాయంటే గింజ ఊపిరాడక కుళ్లుతుంది. టమాటా అయిదారు రోజుల్లో మొలక బయటపెడుతుంది కాబట్టి ఎలాగో గండం గట్టెక్కింది. మిరపకి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. అన్నాళ్లు నీళ్లలో నానితే మెత్తబడక ఏం చేస్తుంది?

ఇంకో చిక్కుంది. చిన్న గింజ పెద్ద బాల్ మీద నిలవదు. జారి రెండు బాల్స్ సందులో పడుతుంది, లేదా పైన ఒకే ఒక్క చుక్కంత చోట తడి తగిలి మిగతా వైపు ఎండిపోతుంది. అందుకని బాల్స్‌లో మూడో వంతు తీసి చెంచా వెనక వైపుతో నలపండి. గుజ్జు చెయ్యకండి, ముక్కలు ముక్కలుగా ఉంటే చాలు. కింద పూర్తి బాల్స్, పైన ఈ ముక్కలు వేలి మందాన పరిచి, వాటి మీద గింజలు ఎడంగా పెట్టి, మూత వారగా పెట్టండి. గాజు గిన్నె అందంగా ఉంటుంది గానీ ఈ పనికి అడుగున చిల్లులు పెట్టిన పెరుగు డబ్బా మేలు. నీళ్లు నిలవవు, వెలుతురు కిందకి దిగదు. వేళ్లకి చీకటి కావాలి. పైగా వెలుతురు పడితే నాలుగు రోజుల్లో బాల్స్‌కి పచ్చటి పాచి పడుతుంది.

బూజు సంగతి. అది నిజంగా బూజేనా అన్నది ముందు చూసుకోవాలి. మొలక వేరు చివరికి కాస్త వెనకగా తెల్లటి నూగు వస్తుంది. అది వేరు తాలూకు వెంట్రుకలు, నీళ్లు తాగేది వాటితోనే. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దాన్ని చూసి "మేడమ్, ఫంగస్" అని పరిగెత్తుకొచ్చేవాళ్లు. స్ప్రే బాటిల్‌తో ఒకసారి నీళ్లు కొట్టండి. వేరు వెంట్రుకలైతే తడిసి వేరుకి అతుక్కుపోయి కనిపించవు. బూజైతే తడిసినా అలాగే అల్లుకుని ఉంటుంది, గింజ మీద నుంచి పక్క గింజకి పాకుతుంది కూడా. బూజు పట్టిన గింజని దాని కింద ఉన్న బాల్స్‌తో సహా తీసి పారేయండి.

కాడలు సాగడానికి బాల్స్‌తో సంబంధం లేదు. మొలక బయటికి కనిపించిన రోజే డబ్బాని బాల్కనీలో వెలుతురు బాగా ఉన్నచోటికి మార్చాలి. నడినెత్తి ఎండలో మాత్రం పెట్టకండి, డబ్బా లోపల ఉడికిపోతుంది. వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా గింజ మొలవడానికే మొరాయిస్తుంది.

ఇక ఎప్పుడు తీయాలన్నది అసలైన ప్రశ్న. బాల్స్‌లో నీళ్లు తప్ప తిండి లేదు. గింజ తన లోపల దాచుకున్న తిండితో మొదటి జంట ఆకులు విచ్చుకునేదాకా లాగుతుంది, ఆపైన చేతులెత్తేస్తుంది. అందుకని వేరు అంగుళం లోపు ఉండగానే, జంట ఆకులు విప్పారుతున్న సమయంలోనే తీసి ప్రోట్రేలో (నారు పెంచే గుంటల ట్రే) నాటండి. అందులో కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కొంచెం వర్మీకంపోస్ట్ కలిపి నింపుకోండి. మొక్కని ఆకు పట్టుకుని ఎత్తాలి, కాడ పట్టుకోకూడదు. కాడ నలిగితే ఆ మొక్క ఇక లేనట్టే. వేరుకి జెల్ ముక్క అంటుకుని వస్తే లాగకండి, దానితోనే నాటేయండి. లాగితే వేరు వెంట్రుకలన్నీ ఆ ముక్కతో పోతాయి. నాటాక మూడు నాలుగు రోజులు నీడపట్టున ఉంచండి. మొదటి నుంచీ నీళ్లు అడక్కుండానే దొరికిన వేరు అది, కోకోపీట్‌లో తన నీళ్లు తను వెతుక్కోవడానికి కొంచెం టైమ్ పడుతుంది.

ప్యాకెట్ విత్తనాలు గులాబీ రంగులో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం. ఆ రంగు బాల్స్‌లోకి దిగుతుంది. చేతులు కడుక్కోండి, ఆ డబ్బాని వంటగదిలో పెట్టకండి.

నన్నడిగితే, పదో అంతస్తుకి మట్టి మోయలేకపోతే కోకోపీట్ బ్లాకు ఒకటి తెచ్చుకోవడం సులువు. నీళ్లలో వేస్తే పొంగి ఎన్నో రెట్లవుతుంది. ఒకసారి కడిగి, పిండి వాడుకోండి. ఉప్పు ఉంటే పోతుంది. మొలకా అందులోనే, నారూ అందులోనే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే బెడద ఉండదు.

ప్రశ్న: ప్యాకెట్ మీద బొమ్మలో ఒక్కో బాల్ గోళీకాయంత ఉంది. మా ఇంట్లో నానబెడితే బఠాణీ గింజంత అయి ఆగిపోయాయి. ఇరవై నాలుగు గంటలు ఉంచినా అంతే. నకిలీ సరుకా?
– ఓ రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, మార్కాపురం

జవాబు: సరుకుని అనుమానించే ముందు మీ నీళ్లని అనుమానించండి. బోరు నీళ్లేనా?

ఈ బాల్స్ ఒక రకం పాలిమర్. లోపల పొడవాటి పోగులు వలలా అల్లుకుని ఉంటాయి. నీళ్లు చేరేకొద్దీ పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎడమవుతాయి, అదే ఉబ్బడం. నీళ్లలో ఉప్పు ఏదున్నా ఆ నెట్టుకోవడం తగ్గిపోతుంది. కాల్షియం, మెగ్నీషియం అయితే మరీను. రెండు పోగుల్నీ కలిపి గుండుసూది గుచ్చినట్టు పట్టేస్తాయి. మీ వైపు బోరు నీళ్లలో ఆ రెండిటికీ కొదవ లేదు. కుళాయి చివర, గీజర్ లోపల తెల్లగా పేరుకునేది కూడా అదే బాపతు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పది బాల్స్ బోరు నీళ్లలో, పది ఆర్‌ఓ నీళ్లలో వేసి పొద్దున చూడండి. ఆర్‌ఓ నీళ్లలోవి గోళీకాయంత అయితే సరుకు మంచిదే. వాన నీళ్లు దొరికితే ఇంకా మంచిది. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. అంతేగానీ ఆర్‌ఓ మెషీన్ బయటికి వదిలే నీళ్లు వాడకండి, ఉప్పంతా పోగయ్యేది అందులోనే.

ఒకసారి కాల్షియం పట్టిన బాల్స్‌ని తర్వాత మంచినీళ్లలో వేసినా పూర్తిగా కోలుకోవు. కాబట్టి ఆ ప్యాకెట్లో మిగిలిన పొడి బాల్స్‌తో మొదలుపెట్టండి. "బలానికి" అని అందులో డీఏపీ, 19:19:19 లాంటి ఎరువులు కలపకండి. ఇవి కూడా లవణాలే. ఉబ్బిన బాల్ మీ కళ్ల ముందే నీళ్లు కక్కి చిన్నదవుతుంది.

ప్రశ్న: అక్కా, మా పాప డైపర్లలో ఉండేది కూడా ఇలాంటి జెల్లే అని చదివాను. వాడని డైపర్ చింపి ఆ పొడితో విత్తనాలు మొలిపించొచ్చా? కొనే ఖర్చు తప్పుతుంది కదా.
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు: జాతి ఒకటే గానీ పనికి వేరు తల్లీ. డైపర్‌లో ఉండేది సోడియం కలిసిన రకం, మొక్కకి సోడియం పడదు. తోటల కోసం అమ్మే మంచి రకాల్లో దాని బదులు పొటాషియం ఉంటుంది. పైగా డైపర్ పొడి ఉబ్బితే సందుల్లేని ముద్ద అవుతుంది. మొదటి జవాబులో చెప్పిన గాలి గొడవే మళ్లీ.

తమాషా ఏమిటంటే, కథ మొదలైంది పొలం నుంచే. అమెరికా వ్యవసాయ శాఖకి పియోరియాలో ఉన్న ప్రయోగశాలలో 1970ల్లో మొక్కజొన్న పిండితో విపరీతంగా నీళ్లు పీల్చే పదార్థం ఒకటి చేశారు. దానికి "సూపర్ స్లర్పర్" అని పేరు పడింది. నేలలో తడి నిలపడానికి, విత్తనానికి పూయడానికి పనికొస్తుందని ఆశపడ్డారు. ఈ జాతి పదార్థాలు చివరికి ఎక్కువగా వెళ్లి చేరింది పిల్లల డైపర్లలోకి.

పాప ఉందన్నారు కాబట్టి ఇంతకంటే ముఖ్యమైన సంగతి. పాకే వయసు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఈ బాల్స్ అసలు ఉంచకండి. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజ కంటే కాస్త పెద్దవి, చూడ్డానికి మిఠాయి. మింగితే పేగులో నీళ్లు పీల్చి ఉబ్బి అడ్డం పడతాయి. మామూలు ఎక్స్‌రేలో కనబడవు కూడా. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వీటి మీద తల్లిదండ్రుల్ని గట్టిగా హెచ్చరించింది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా ప్యాకెట్ చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. చెవిలో దూరితే చుక్కల మందు వెయ్యకండి, ఆ తడికే లోపల ఉబ్బుతుంది. మొలకల సరదా పాప పెద్దయ్యాక తీర్చుకోవచ్చు. అప్పటిదాకా తడిగుడ్డ ఉంది.

ప్రశ్న: అమ్మా, మాది వర్షాధారం వేరుశనగ. ఎర్రనేల. విత్తేటప్పుడు సాళ్లలో జెల్ గుళికలు వేస్తే వాన ఆలస్యమైనా మొలక ఆగుతుందని దుకాణంలో చెబుతున్నారు. నమ్మొచ్చా?
– ఓ రైతు, కదిరి

జవాబు: సగం నమ్మండి. పొలంలో వేసేవి ఈ రంగు బాల్స్ కావు, సన్న గుళికలు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన పూసా హైడ్రోజెల్ అందులో పేరున్నది. తన బరువుకి కనీసం 350 రెట్లు నీళ్లు పీలుస్తుంది, మన ఎండల్ని తట్టుకునేలా చేశారు. ఎకరానికి కిలో నుంచి రెండు కిలోలు, పొడి మట్టితో కలిపి విత్తనంతో పాటు సాల్లో పడేలా వేస్తారు.

అయితే గుళిక నీళ్లు పుట్టించదు. పడిన వాననే పట్టి ఉంచి, నేల ఆరుతుంటే మెల్లగా వదులుతుంది. విత్తాక ఒక మంచి పదును పడి, ఆ తర్వాత వాన మొహం చాటేస్తే అప్పుడు కొన్ని రోజులు కాస్తుంది. ఆ మొదటి వానే పడకపోతే పొడి నేలలో పొడి గుళిక, అంతే. 350 రెట్లు అన్నది కూడా మంచినీళ్ల లెక్క, ఉప్పు నేలలో అంత పీల్చదు. మీ దుకాణంలో ఇచ్చేది ఏ రకమో, మోతాదు ఎంతో సంచి మీద రాసి ఉందో లేదో చూడండి. ఏమీ రాయని సంచి ముట్టుకోకండి. మొదటి ఏడాది పొలమంతా కాకుండా నాలుగు సాళ్లలో వేసి పక్క సాళ్లతో పోల్చుకోండి. అదే డబ్బుకి పశువుల ఎరువు ఎంత వస్తుందో కూడా లెక్క కట్టండి. ఎర్రనేలలో తడి నిలపడానికి నేను ముందు దానికే ఓటేస్తాను.

ప్రశ్న: మేడమ్, మా స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉంది. జెల్ బాల్స్‌లో పెసలు మొలిపించి పెడదామనుకున్నాను. మా సార్ "ఇందులో ప్రయోగం ఏముంది, ఊరికే చూపించడమే కదా" అన్నారు. ఏం చేస్తే ప్రయోగం అవుతుంది?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: మీ సార్ మాట సబబే, అమ్మలూ. పక్కన పోల్చడానికి ఇంకోటి లేకపోతే అది ప్రదర్శనే. కాబట్టి ఒక్క డబ్బా కాదు, నాలుగు పెట్టు. ఒకదాంట్లో తడిగుడ్డ, ఒకదాంట్లో వార్చిన బాల్స్, ఒకదాంట్లో నలిపిన బాల్స్, నాలుగోదాంట్లో అడుగున నీళ్లు నిలిచిన బాల్స్. ఒకే సంచిలోని పెసలు, ఒక్కోదాంట్లో పాతిక. నాలుగూ ఒకే గదిలో, ఒకే అరలో ఉండాలి. రోజూ ఒకే వేళకి లెక్కపెట్టు. వేరు ఎంత పొడుగుంటే "మొలిచింది" అంటావో మొదలుపెట్టకముందే నోట్‌బుక్‌లో రాసుకో. లేకపోతే నీకు నచ్చిన డబ్బా దగ్గర తెలియకుండానే చెయ్యి తిప్పుతావు.

మా ల్యాబ్‌లో ఒక్కో నమూనాకి 400 గింజలు, వంద చొప్పున నాలుగు భాగాలుగా పెట్టాలని నియమం. మిరపకి, టమాటాకి పద్నాలుగో రోజున ఆఖరి లెక్క. బెండకి ఇరవై ఒకటో రోజు దాకా ఆగేవాళ్లం. మొలిచినవన్నీ ఒకటే అని కూడా రాయకూడదు. వేరూ ఆకులూ సరిగ్గా వచ్చినవి ఒక లెక్క, వంకర తిరిగినవి, వేరు లేనివి ఇంకో లెక్క. మొలవని వాటిలోనూ నీళ్లు పీల్చకుండా రాయిలా మిగిలిన గట్టి గింజలు వేరు, నొక్కితే చితికిపోయే చచ్చిన గింజలు వేరు. నువ్వు కూడా అలా విడగొట్టి రాస్తే చూసేవాళ్లకి నువ్వు గింజని నిజంగా చూశావని తెలుస్తుంది. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ధృవీకరించిన టమాటా విత్తనం నూటికి కనీసం 70, మిరప 60, వరి 80 మొలవాలి. నీ పెసలకి ఎంత వచ్చిందో దాని పక్కన రాసి పెట్టు, అడిగేవాళ్లు అడుగుతారు.

ఇంకో రెండు పనులు తేలికగా చెయ్యొచ్చు. రెండు గాజు గ్లాసుల్లో బాల్స్ వేసి ఆవాలు మొలిపించు, ఒక గ్లాసుకి పక్కల్లో నల్ల కాగితం చుట్టి, రెండోదాన్ని కిటికీ దగ్గర పెట్టు. కిటికీ దగ్గర గ్లాసులో వేళ్లు వెలుతురుకి ముఖం తిప్పుకుని గది వైపు వంగుతాయి, కాడలు కిటికీ వైపు వంగుతాయి. మట్టిలో ఇది ఎవరికీ కనిపించదు. ఈ బాల్స్‌కి నేను ఇచ్చే మార్కులన్నీ ఇలా వేళ్లు కనిపించినందుకే.

రెండోది సబ్జా గింజలు. ఒక చుక్క నీళ్లు పడగానే ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జెల్ ఎలా కట్టుకుంటుందో భూతద్దంలో చూపించు. జెల్‌లో విత్తనం అన్నది తులసి జాతి మొక్క మనకంటే ముందు కనిపెట్టింది. పళ్లెం ఏటవాలుగా పెట్టినా అవి జారవు, పెసలు జారతాయి. ఆ జెల్ గింజని నేలకి అంటిపెడుతుంది, తడి ఆరకుండా చూస్తుంది.

తడిగుడ్డే గెలవడానికి ఎక్కువ అవకాశం ఉంది. గెలిస్తే అంకెలు దిద్దకు, అదే చార్టు మీద పెద్దక్షరాలతో రాయి.

ప్రశ్న: టిష్యూ కల్చర్ అరటి పిలకలు సీసాలో జెల్లీ మీదే కదా పెరిగేది? అందులో నెలల తరబడి పెరిగినప్పుడు మన జెల్ బాల్స్‌లో కూరగాయ మొక్క ఎందుకు పెరగదు?
– ఓ అరటి రైతు, రావులపాలెం

జవాబు: మంచి ప్రశ్న. ఆ జెల్లీ పేరు అగర్, సముద్రపు నాచు నుంచి తీస్తారు. అందులో పంచదార, లవణాలు, విటమిన్లు, హార్మోన్లు కొలిచి కలుపుతారు. అంటే మొక్కకి అక్కడ వండి వడ్డించిన భోజనం ఉంది. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త దుమ్ములాంటి ఆర్కిడ్ గింజల్ని ఇలా పంచదార కలిపిన అగర్ మీద మొలిపించాడు. ఆ గింజల్లో సొంత తిండి దాదాపు ఉండదు, అడవిలో ఒక రకం శిలీంధ్రం సాయం లేకుండా అవి మొలవవు.

కానీ మొక్క తినేది బూజూ తింటుంది. అందుకే సీసాలు ఆటోక్లేవ్‌లో (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) ఆవిరి పట్టి, గాలి వడకట్టిన క్యాబినెట్లో చేతికి గ్లవ్స్ వేసుకుని పని చేస్తారు. మీరు ఇంట్లో బాల్స్ మీద పంచదార నీళ్లు పోస్తే మూడో రోజుకి మిగిలేది బూజు. అరటి పిలక కూడా సీసాలోంచి రాగానే కోకోపీట్‌లోకి, షేడ్‌నెట్ కిందకి వెళ్లాల్సిందే. అక్కడ గట్టిపడ్డాకే కదా మీ చేతికి ఇచ్చేది.

ప్రశ్న: ఆంటీ, ఇక్కడ మా అమ్మాయి పెళ్లి చేస్తున్నాం. అంకురార్పణకి పాలికల్లో (మట్టి మూకుళ్లలో) పోయడానికి పుట్టమన్ను దొరకదు. జెల్ బాల్స్‌లో నవధాన్యాలు మొలిపిస్తే చూడ్డానికి బాగుంటుందని మా వారు అంటున్నారు. మొలుస్తాయా?
– ఓ పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పుట్టమన్ను బదులు ఏది చెల్లుతుందో మీ పురోహితుణ్ణి అడగండి, అది నా శాఖ కాదు. గింజల సంగతి చెబుతాను. మొలుస్తాయి గానీ నిలబడవు. బాల్స్‌లో వేరుకి పట్టు దొరకదు, పాలిక ఎత్తగానే మొలకలన్నీ ఒరిగిపోతాయి. నువ్వులు మొదటి రోజే అడుగుకి జారిపోతాయి. అక్కడి గార్డెన్ షాపుల్లో దొరికే కుండీల మట్టి వాడితే ఈ బాధ ఉండదు.

మీరు నిజంగా టెన్షన్ పడాల్సింది సరుకు గురించి. బియ్యం మొలవవు, వడ్లు కావాలి. కందిపప్పు, మినప్పప్పు పనికిరావు, పొట్టు చెక్కుచెదరని కందులు, మినుములు వెతకండి. పెసలు, ఉలవలు, బొబ్బర్లు రెండు రోజుల్లో మొలుస్తాయి. వడ్లు, కందులు ఆలస్యం. అందుకని వడ్లని విడిగా మన రైతులు మండె కట్టినట్టే చెయ్యండి: ఒక రోజు నానబెట్టి, నీళ్లు వార్చి, తడి గోనెగుడ్డలో మూట కట్టి ఇంకో రోజు వెచ్చటి చోట ఉంచండి. ముక్కు పగిలాక మిగతావాటితో కలిపి పొయ్యండి. చలికాలం పెళ్లయితే ఇంకో రెండు రోజులు ముందే మొదలుపెట్టాలి. ముహూర్తానికి ముందు ఒకసారి కొన్ని గింజలతో ట్రయల్ వేసుకుంటే ఏది చచ్చిన సరుకో తెలిసిపోతుంది.

క్లుప్తంగా కొన్ని

జెల్ బాల్స్ మీద మొలిచిన పెసలు తినొచ్చా అని ముగ్గురు అడిగారు. వద్దు. అలంకరణ కోసం చేసిన సరుకు అది, తిండికి తగిన శుభ్రత చూసి చేసింది కాదు. తినే మొలకలకి గుడ్డ మూట చాలు.

మళ్లీ వాడొచ్చా? వాడొచ్చు. కడిగి, బట్ట మీద నీడలో ఆరబెడితే మళ్లీ చిన్న గింజలవుతాయి. ఎండలో పదే పదే పెడితే పాలిమర్ దెబ్బతిని జిగురుగా మారుతుంది. వాసన వచ్చినవి, పాచి పట్టినవి వద్దు.

వాడాక సింకులో పోయొచ్చా? అస్సలు వద్దు, పైపులో ఇంకా ఉబ్బుతాయి. ఎండబెట్టి పొడి చెత్తలో వేయండి.

కుండీ మట్టిలో కలిపితే? రంగు బాల్స్ నాలుగు పడితే నష్టం లేదు, లాభం కూడా పెద్దగా లేదు. గుప్పెడు గుప్పెడు వేస్తే నీళ్లు పోసినప్పుడల్లా ఉబ్బి మట్టిని పైకి తోస్తాయి.

ప్రశ్న: మంచి బొప్పాయి పండు కోసి, గింజలు తీసిన వెంటనే జెల్ బాల్స్ మీద పెట్టాను. నెల దాటినా ఒక్కటీ మొలవలేదు. బాల్స్ లోపమా?
– ఓ టైలర్, అనకాపల్లి

జవాబు: బాల్స్‌ది కాదు, గింజ మీద ఉన్న ఇంకో జెల్‌ది. బొప్పాయి గింజ చుట్టూ జారుడు సంచి ఒకటి ఉంటుంది చూశారా, పండులో ఉన్నంతకాలం గింజ మొలవకుండా ఆపేది అదే. టమాటా గింజ చుట్టూ ఉండే జిగురు కూడా అదే పని చేస్తుంది. అందుకే టమాటా విత్తనం తీసేవాళ్లు గుజ్జుని ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడుగుతారు.

ఈసారి బొప్పాయి గింజల్ని బూడిద వేసి అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. సంచి పగిలి ఊడిపోతుంది. నల్లటి గరుకు గింజ బయటపడేదాకా కడిగి నీళ్లలో వేయండి. తేలినవి తీసేసి, మునిగినవి నీడలో ఆరబెట్టి విత్తండి. రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి జెల్ బాల్స్ వద్దు, సంచుల్లో మట్టీ ఎరువూ కలిపి నేరుగా వేసేయండి. గుంటకి ఒక్క మొక్క కాకుండా మూడు నాటండి. మగ చెట్లు విడిగా ఉండే రకమైతే ఏది కాస్తుందో పూత వచ్చేదాకా చెప్పలేం. పూత చూశాక ఒక ఆడ మొక్క ఉంచి మిగతావి తీసేయండి. ఆరేడు గుంటలుంటే పరాగం కోసం ఒక మగ చెట్టుని మాత్రం వదిలేయండి.